ఈల ఊదే మనిషి

మా నాన్నకి ఫుట్‌బాల్ పెద్దగా తెలీదు. నలభై ఏళ్ల నుంచి వుల్వర్‌హాంప్టన్‌లో ఉంటున్నాడు. మా ఇంటి నుంచి మోలినూ స్టేడియానికి నడిచి వెళ్లొచ్చు. అయినా ఆఫ్‌సైడ్ అంటే ఏంటి నాన్నా అని అడిగితే "ఆళ్లకే తెలీదు, నాకెట్టా తెలుసుద్దే" అంటాడు. ఆయనది క్రికెట్ పిచ్చి. కానీ మా వుల్వ్స్ మ్యాచ్ టీవీలో వస్తే వచ్చి నా పక్కన కూర్చుంటాడు. రెఫరీ ఈల ఊదిన ప్రతిసారీ ఒకటే మాట: "తొండి! తొండాట!"

నేను నేర్చుకున్న మొదటి తెలుగు మాటల్లో తొండి ఒకటి. మీలో చాలామందికి కూడా అంతే అయ్యుంటుంది. క్యారమ్స్ ఆడేటప్పుడో పేకాటలోనో బాబాయి నోటి నుంచి విని ఉంటారు. ఆటలో మోసం చేస్తే తొండి. కోర్టులో చేసే మోసాన్ని తొండి అనరు, బ్యాంకులో చేసేదాన్ని కూడా అనరు. తొండి ఆటకి మాత్రమే చెందిన మాట. ఇంకో సంగతి గమనించారా? తొండి అని అరిచేది పక్కన ఆడుతున్న పిల్లలే. గోళీలాటకి రెఫరీ ఉండడు. "తొండి" అని ఒకడు, "కాదు" అని ఇంకొకడు అరుచుకుంటారు. అరిచి అరిచి అలిసిపోయాక మళ్లీ ఆడతారు.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. 1863లో లండన్‌లో ఫ్రీమేసన్స్ టావెర్న్ అనే చోట కొన్ని క్లబ్బుల వాళ్లు కూర్చుని ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టారు, 13 నియమాలు రాశారు. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తకూడదు, ఎదుటివాడి కాలి మీద తన్నకూడదు, బూట్ల కింద మేకులు పొడుచుకొచ్చి ఉండకూడదు. అన్నీ ఉన్నాయి. రెఫరీ మాత్రం లేడు. ఆ 13 నియమాల్లో ఎక్కడా ఆ మాటే రాదు. ఆ ఆట ఆడేవాళ్లు పెద్ద పెద్ద బడుల్లో చదువుకున్న దొరబిడ్డలు. తప్పు చేస్తే తామే ఒప్పుకుంటారని, ఒప్పుకోకపోతే ఇద్దరు కెప్టెన్లు మాట్లాడుకుని సర్దుకుంటారని నమ్మకం.

కప్పులు, పోటీలు వచ్చాక ఆ నమ్మకం సరిపోలేదు. అప్పుడు ఒక్కో జట్టు తన తరఫున ఒక అంపైర్‌ని తెచ్చుకోవడం మొదలుపెట్టింది. మన క్రికెట్ అంపైర్ లాగే ఆయన కూడా ఎవరైనా అడిగితేనే చెప్పాలి, అడగకపోతే ఊరుకోవాలి. రెండు జట్ల అంపైర్లకీ మాట కుదరకపోతే ఇద్దరూ కలిసి మూడో మనిషిని అడుగుతారు. ఆయన గీత బయట నిలబడి ఉంటాడు. రెఫరీ అంటే అసలు అర్థం అదే: ఎవరి దగ్గరికి విషయాన్ని తీసుకెళ్తామో ఆ మనిషి. మొట్టమొదటి ఎఫ్ఏ కప్ ఫైనల్ 1872లో జరిగింది. వాండరర్స్ జట్టు రాయల్ ఇంజనీర్స్ మీద ఒక్క గోల్‌తో గెలిచింది. ఆ మ్యాచ్‌కి ఇద్దరు అంపైర్లు, ఒక రెఫరీ. జరిగిన చోటు కెన్నింగ్టన్ ఓవల్, అంటే క్రికెట్ మైదానం. ఇది చెప్పగానే నాన్న మొహం వెలిగిపోయింది. "చూశావా, అంతా మా దగ్గరే నేర్చుకున్నారు" అన్నాడు. ఓవల్ ఎప్పటి నుంచి మా దగ్గరదయిందో నాకు తెలీదు.

ఇక్కడ ఒక మాట గురించి ఆగాలి. నేను తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాక బాగా నచ్చిన మాటల్లో అదొకటి: తీర్పు. దీని లోపల "తీరు" అనే క్రియ ఉంది. ఆకలి తీరింది, అప్పు తీరింది, కోరిక తీరింది, తగువు తీరింది. ఉన్నది అయిపోవడం, తేలిపోవడం. తగువు తీరేలా చేస్తే తగువు తీర్చినట్టు. అలా తీర్చి చెప్పేది తీర్పు. ఇంగ్లీషులో దీనికి వెర్డిక్ట్ అంటారు కదా, ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది, దాని లోపల "నిజంగా చెప్పినది" అనే అర్థం ఉంది. రెండూ నిఘంటువులో పక్కపక్కనే ఉంటాయి కానీ వాటి కడుపులో ఉన్నది వేరు. వెర్డిక్ట్‌కి నిజం కావాలి, తీర్పుకి ముగింపు కావాలి. ఫుట్‌బాల్ రెఫరీల చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు ఈ రెండు మాటలే గుర్తొచ్చాయి.

1891లో పెద్ద మార్పు వచ్చింది. ఆ ఏడు జూన్ 2న గ్లాస్గోలో నియమాల బోర్డు సమావేశమై రెండు పనులు చేసింది. మొదటిది, గీత బయట ఉన్న రెఫరీని తీసుకొచ్చి మైదానం మధ్యలో పెట్టింది, అంపైర్లని గీత మీదకి పంపి లైన్స్‌మన్‌లని చేసింది. తర్వాత కొన్నేళ్లకి, ఆటగాళ్లు అడిగితేనే చెప్పాలన్న పద్ధతి కూడా పోయింది. రెండోది పెనాల్టీ కిక్.

పెనాల్టీ ఆలోచన ఐర్లండ్‌లో ఆర్మా దగ్గర మిల్‌ఫోర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. విలియం మెక్‌క్రమ్ అని నార బట్టల మిల్లు ఉన్న కుటుంబం వాడు, వాళ్ల ఊరి జట్టుకి గోల్‌కీపర్. ఆ జట్టు ఐరిష్ లీగ్‌లో అట్టడుగున నిలిచింది. అంటే ఎదుటివాళ్లు గోల్ దాకా ఎలా వస్తారో, గోల్ దగ్గర మనుషులు ఏమేం చేస్తారో ఆయన కన్నా ఎక్కువ చూసినవాడు ఉండడు! ఆయన ప్రతిపాదనని మొదట అందరూ ఎగతాళి చేశారు. పెద్దమనుషులు కావాలని ఎదుటివాణ్ణి పడేస్తారని నియమంలో రాయడం పెద్దమనుషులకి అవమానం అన్నారు. తర్వాత కొరింథియన్స్ అనే దొరల జట్టులో తమ మీద పెనాల్టీ ఇస్తే గోల్‌కీపర్ పక్కకి తప్పుకుని నిలబడేవాడని చెబుతారు, చేసిన తప్పుకి ఫలితం అనుభవించాలని.

కానీ 1891 ఫిబ్రవరిలో ఎఫ్ఏ కప్‌లో నాట్స్ కౌంటీ, స్టోక్ ఆడుతున్నాయి. స్టోక్ కొట్టిన బంతి గోల్ లోపలికి పోబోతుంటే నాట్స్ ఆటగాడు ఒకడు గీత దగ్గర చేత్తో ఆపేశాడు. నియమం ప్రకారం దానికి మామూలు ఫ్రీ కిక్కే. గోల్‌కీపర్ వచ్చి బంతికి అడ్డంగా నిలబడి దాన్ని కూడా ఆపేశాడు. స్టోక్ ఓడిపోయింది. ఇది అచ్చమైన తొండి, పైగా నియమం ప్రకారం చేసిన తొండి. నాలుగు నెలలు తిరక్కుండా పెనాల్టీ వచ్చేసింది.

ఇంగ్లిష్ లీగ్‌లో మొదటి పెనాల్టీ గోల్ ఎవరు కొట్టారో తెలుసా? 1891 సెప్టెంబర్ 14న అక్రింగ్టన్ మీద మా వుల్వ్స్ ఆటగాడు జాన్ హీత్. మోలినూలోనే. నేను రోజూ బస్సులో వెళ్తూ చూసే చోట. (గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. వుల్వ్స్ అభిమానికి గొప్పలు చెప్పుకునే అవకాశం తరచుగా రాదు.)

మైదానం మధ్యలోకి వచ్చిన మనిషి చేతిలో ఏం ఉంటుంది? ఈల. మొదట్లో చేతి రుమాలు ఊపేవాళ్లట. గోల మధ్య రుమాలు ఎవరికి కనపడుతుంది? మా పక్క ఊరు బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ హడ్సన్ అనే ఆయన 1880లలో పోలీసులకి ఈలలు చేసి ఇచ్చేవాడు. 1884లో లోపల చిన్న గింజ దొర్లే ఈల చేశాడు. ఆ గింజ వల్లే దాని మోతలో ఆ గరగర వస్తుంది. ఆ కంపెనీ ఈలలు ఇప్పటికీ తయారవుతున్నాయి. నా దగ్గర ఒకటి ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను. అన్నట్టు ఈల "వెయ్యడమా", "ఊదడమా" అని నాకు చాలా రోజులు అనుమానం. నాన్నని అడిగాను. "నోటితో అయితే వేస్తాం. వస్తువైతే ఊదుతాం" అన్నాడు.

ఆ తర్వాత వందేళ్ల పాటు ఇంగ్లండ్‌లో ఈల ఊదిన మనుషులకి అది ఉద్యోగం కాదు. వారమంతా ఇంకో పని చేసుకుని శనివారం మధ్యాహ్నం వచ్చి ఊదేవాళ్లు. వాళ్లలో బడి పంతుళ్లు చాలామంది. మా ఊరి జాక్ టేలర్ మాంసం కొట్టు నడిపేవాడు. 1974 జులై 7న మ్యూనిక్‌లో ప్రపంచ కప్ ఫైనల్‌కి ఆయనే రెఫరీ. ఆట మొదలుపెట్టబోతుంటే మైదానం మూలల్లో జెండాలు లేవని ఆయన గమనించాడు. ఉత్సవాల కోసం తీసేసి మళ్లీ పెట్టడం మర్చిపోయారు. జెండాలు తెచ్చి పాతేదాకా ప్రపంచం మొత్తం ఆగింది. ఆట మొదలైన మొదటి నిమిషంలోనే, పశ్చిమ జర్మనీ వాళ్ల కాలికి ఇంకా బంతి తగలకముందే, వాళ్ల సొంత గడ్డ మీద వాళ్లకి వ్యతిరేకంగా పెనాల్టీ ఇచ్చాడు. ప్రపంచ కప్ ఫైనల్‌లో అదే మొదటి పెనాల్టీ. కాసేపటికి జర్మనీకి ఇంకోటి ఇచ్చాడు. రెండోది నిజంగా పెనాల్టీయేనా అని ఇప్పటికీ వాదించుకుంటారు. జర్మనీ 2-1తో గెలిచింది. టేలర్ ఇంటికొచ్చి మళ్లీ కొట్టు తెరిచాడు. నాకు ఈ కథలో ఇదే బాగా నచ్చుతుంది.

కార్డుల కథ మీకు తెలిసే ఉంటుంది, తెలియకపోతే క్లుప్తంగా చెబుతాను. 1966 ప్రపంచ కప్‌లో వెంబ్లీలో ఇంగ్లండ్, అర్జెంటీనా ఆడుతున్నాయి. రెఫరీ జర్మన్, పేరు క్రైట్లైన్. అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ని బయటికి పొమ్మన్నాడు. రెఫరీకి స్పానిష్ రాదు, రాటిన్‌కి జర్మన్ రాదు. అనువాదకుణ్ణి పిలవమని రాటిన్ పట్టుబట్టాడు, ఎంతసేపటికీ కదలడు. చివరికి బయటికొచ్చి రాణి కోసం పరిచిన ఎర్ర తివాచీ మీద కూర్చున్నాడు. మర్నాడు పేపర్లలో ఇంగ్లండ్ ఆటగాళ్లు చార్ల్‌టన్ అన్నదమ్ములకి కూడా రెఫరీ హెచ్చరిక ఇచ్చాడని వచ్చింది. ఆ సంగతి వాళ్లకే తెలీదు! ఆ కప్‌లో రెఫరీల బాధ్యత చూసిన కెన్ ఆస్టన్ కారులో వెళ్తూ కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో ట్రాఫిక్ లైట్ దగ్గర ఆగాడు. పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు. భాషతో పనిలేదు. ఆస్టన్ కూడా బడి పంతులే.

1970లో మెక్సికో ప్రపంచ కప్‌లో కార్డులు మొదలయ్యాయి. ఇంగ్లిష్ లీగ్‌లోకి రావడానికి 1976 అక్టోబర్ దాకా పట్టింది. మొదటి రోజే ఎర్ర కార్డు చూసిన మనిషి డేవ్ వాగ్‌స్టాఫ్. అప్పటికి బ్లాక్‌బర్న్‌కి ఆడుతున్నాడు కానీ అంతకుముందు పన్నెండేళ్లు మావాడే. చూశారా, మా ఊరు ఎక్కడా తప్పదు. చాలామందికి తెలియని విషయం ఏంటంటే 1981లో ఇంగ్లిష్ లీగ్ కార్డులని తీసేసింది. రెఫరీలు కార్డులు ఊపుతూ నాటకాలాడుతున్నారని పెద్దల అభిప్రాయం. మళ్లీ 1987లో వచ్చాయి. భాష వేరైన మనుషుల మధ్య పుట్టిన వస్తువు అది, ఒకే భాష మాట్లాడే చోట అతి అనిపించిందేమో. రెండు భాషల మధ్య పెరిగిన నాకు మాత్రం జేబులో రెండు కార్డులుంటే ఎంత బాగుండునో అనిపించిన పెళ్లిళ్లు, పండగలు చాలా ఉన్నాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తీర్పుని గట్టిపరిచిన మార్పులు. రెఫరీ మధ్యలోకి వచ్చాడు, ఈల గట్టిగా మోగింది, కార్డు అందరికీ కనపడింది. అయితే ఆ 1966 కప్ ఫైనల్‌లోనే ఇంకో కథ మొదలైంది. జులై 30న ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ. అదనపు సమయంలో హర్స్ట్ కొట్టిన బంతి పైకమ్మీకి తగిలి గీత దగ్గర కింద పడి బయటికొచ్చింది. గోలా, కాదా? స్విస్ రెఫరీ డీన్స్ట్‌కి తెలీదు. పరుగెత్తుకుంటూ లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్ దగ్గరికెళ్లాడు. ఆయన తల ఊపాడు. గోల్. ఇంగ్లండ్ 4-2తో గెలిచింది. అది గోల్ కాదని జర్మన్లు ఇప్పటికీ అంటారు. ఇంగ్లిష్ వాళ్లు ఆయన్ని "రష్యన్ లైన్స్‌మన్" అంటారు కానీ ఆయన అజర్‌బైజాన్ మనిషి. బాకులో పెద్ద స్టేడియానికి ఆయన పేరే పెట్టారు, విగ్రహం కూడా ఉంది. 2004లో ఆ విగ్రహం ఆవిష్కరణకి హర్స్ట్ వెళ్లాడు. పేరు తప్పుగా, ఊరు తప్పుగా చెప్పడం అంటే ఏంటో మనకి బాగా తెలుసు కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

అది గోల్ అవునా కాదా అన్నది పక్కన పెడితే, ఆ రోజు తగువు ఆ తల ఊపుతో తీరిపోయింది. తీరనిది టీవీ వల్ల. 1964లో బీబీసీలో మ్యాచ్ ఆఫ్ ది డే మొదలైంది. తర్వాత రీప్లేలు, నెమ్మదిగా తిప్పి చూపించడాలు వచ్చాయి. రెఫరీ ఒక్కసారి, ఒక్క కోణం నుంచి, ఆయాసపడుతూ చూసినదాన్ని మనం సోఫాలో కూర్చుని, టీ తాగుతూ, ఆరు కోణాల నుంచి చూస్తాం. చూసి "గుడ్డివాడా" అంటాం. నేనూ అన్నాను.

2010 జూన్ 27న దక్షిణాఫ్రికాలో మళ్లీ జర్మనీయే. లాంపార్డ్ కొట్టిన బంతి పైకమ్మీకి తగిలి గీత దాటి బాగా లోపల పడింది. స్టేడియం అంతా చూసింది, రెఫరీ చూడలేదు. ఇంగ్లండ్ 4-1తో ఓడిపోయింది. ఆ రోజు నాన్న తొండి అని అరవలేదు. "1966ది బాకీ తీరింది" అన్నాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ గొడవ తర్వాతే యంత్రానికి దారి తెరుచుకుంది. 2013-14 నుంచి ప్రీమియర్ లీగ్‌లో గోల్ లైన్ టెక్నాలజీ వచ్చింది. బంతి పూర్తిగా గీత దాటితే సెకను లోపల రెఫరీ చేతి గడియారానికి కబురు వస్తుంది. నా ఉద్దేశంలో ఇన్నేళ్లలో వచ్చిన మార్పుల్లో ఇదే మంచిది. నిజమూ చెబుతుంది, ఆటని ఆపదు. ఒకసారి మాత్రం బాగా తప్పింది. 2020 జూన్ 17, కోవిడ్ తర్వాత లీగ్ మళ్లీ మొదలైన రోజు. ఆస్టన్ విల్లా గోల్‌కీపర్ షెఫీల్డ్ యునైటెడ్ బంతిని పట్టుకుని అలాగే గోల్ లోపలికి జారిపోయాడు. గడియారం మోగలేదు. ఏడు కెమెరాలకీ మనుషులు అడ్డమొచ్చారని కంపెనీ తర్వాత క్షమాపణ చెప్పింది. మ్యాచ్ 0-0. ఏడాది చివర్లో విల్లా ఒకే ఒక్క పాయింట్ తేడాతో లీగ్‌లో నిలిచింది. విల్లా అంటే మాకు పక్కింటి పగ. కాబట్టి ఈ విషయంలో నా తీర్పుని నమ్మకండి.

2019-20లో వీఏఆర్ వచ్చింది. హీత్రూ విమానాశ్రయం దగ్గర స్టాక్లీ పార్క్‌లో ఒక గదిలో మనుషులు టీవీల ముందు కూర్చుని అన్నీ మళ్లీ చూస్తారు. చంక దాటిందా, బొటనవేలు దాటిందా అని 2025 దాకా గీతలు గీసేవాళ్లు. నాన్నకి ఇది వెంటనే అర్థమైంది. "డీఆర్ఎస్సేగా" అన్నాడు. కాదు. క్రికెట్‌లో ప్రతి బంతికీ ఆట ఎలాగూ ఆగుతుంది. పైగా అక్కడ ఆటగాడే అడగాలి, అడిగే అవకాశాలు కూడా లెక్క ప్రకారమే. అలాంటిదానికే భారత బోర్డు తమ గడ్డ మీద జరిగే టెస్టు సిరీస్‌లలో 2016 దాకా సరే అనలేదు. ఫుట్‌బాల్‌లో ఎవరూ అడగరు. గోల్ కొట్టాక పక్కన ఎవరో తెలియని మనిషిని కౌగిలించుకుని, ఆ కౌగిలిలోనే ఆగిపోయి, ఇది నిజంగా గోలేనా అని పెద్ద తెర వైపు చూస్తూ నిలబడతాం. ఆ తెలియని మనిషిని ఎప్పుడు వదలాలో కూడా తెలీదు.

2023 సెప్టెంబర్ 30న జరిగింది చూడండి. టాటన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. గదిలో ఉన్నవాళ్లు చూశారు, ఆఫ్‌సైడ్ కాదని సరిగ్గానే కనిపెట్టారు. కానీ మైదానంలో గోల్ ఇచ్చేశారని వాళ్లు అనుకున్నారు. "చెక్ పూర్తయింది" అని చెప్పారు. దాన్ని మైదానంలో రెఫరీ ఆఫ్‌సైడ్ సరైనదే అని అర్థం చేసుకున్నాడు. ఆట మొదలైపోయింది. కొన్ని సెకన్లకే గదిలో వాళ్లకి తప్పు తెలిసింది. కానీ ఆట మళ్లీ మొదలయ్యాక వెనక్కి వెళ్లకూడదని నియమం. లివర్‌పూల్ 2-1తో ఓడిపోయింది. తర్వాత ఆ మాటల రికార్డింగ్ బయటపెట్టారు. వినండి. నిజం వాళ్లకి దొరికింది. దాన్ని చెప్పడానికి మాట దొరకలేదు. రాటిన్ దగ్గర మొదలైన గొడవే మళ్లీ, ఈసారి అందరూ ఒకే భాష మాట్లాడుతూ కూడా.

2024 ఏప్రిల్‌లో వెస్ట్ హామ్ మీద చివరి నిమిషాల్లో మేం సమం చేసిన గోల్‌ని వీఏఆర్ చూశాక కొట్టేశారు. మోలినూలో నేనున్నాను. అప్పటికే అరిచి నా గొంతు పోయింది. ఆ ఏడు జూన్‌లో వీఏఆర్‌ని తీసేయమని మా క్లబ్ లీగ్ సమావేశంలో ప్రతిపాదన పెట్టింది. 20 క్లబ్బులు ఓటేశాయి. 19 వద్దన్నాయి. ఒక్కటి మాత్రమే తీసేయమంది, అది మాదే. చేతులు కాల్చుకున్నవాళ్లం కాబట్టి పెట్టాం అన్నది నిజమే. కానీ మా కారణాల్లో ఒకటి నాకు నచ్చింది: గోల్ కొట్టిన క్షణాన్ని అభిమాని దగ్గర నుంచి లాక్కున్నారన్నది. నేను ఆ ఒక్క ఓటు వైపే. ఎక్కువ తీర్పులు ఇప్పుడు సరిగ్గానే ఉన్నాయి, కాదనను. వెర్డిక్ట్ వచ్చింది. తీరడమే పోయింది. 1870లలో మైదానంలో ఇద్దరికి మాట కుదరకపోతే బయట ఉన్న మూడో మనిషిని అడిగేవాళ్లు. ఆయన్ని కష్టపడి మధ్యలోకి తెచ్చి, 128 ఏళ్ల తర్వాత మళ్లీ బయట ఒకడిని కూర్చోబెట్టాం.

ఇన్నేళ్లూ ఈల ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పాలి. 1997 ఆగస్టులో యురయా రెన్నీ ప్రీమియర్ లీగ్‌లో మొదటి నల్లజాతి రెఫరీ అయ్యాడు. ఆయన మొదటి మ్యాచ్‌లో స్టేడియం దీపాలు ఆరిపోయి ఆట మధ్యలోనే ఆగిపోయింది, పాపం. జర్నైల్ సింగ్ 2004 నుంచి 2010 దాకా తలపాగాతో ఇంగ్లిష్ లీగ్ మ్యాచ్‌లకి రెఫరీగా ఉన్నాడు. ఆయన ఇద్దరు కొడుకులూ అదే దారి పట్టారు. భూపిందర్ 2023లో ప్రీమియర్ లీగ్‌లో గీత మీద జెండా పట్టుకున్నాడు. 2024 మార్చిలో క్రిస్టల్ ప్యాలెస్, లూటన్ మ్యాచ్‌కి సన్నీ సింగ్ గిల్ ఈల ఊదాడు, దక్షిణాసియా మూలాలున్న వాళ్లలో ప్రీమియర్ లీగ్‌లో అదే మొదటిసారి. అంతకు కొన్ని నెలల ముందే, 2023 డిసెంబర్‌లో, రెబెక్కా వెల్చ్ మొదటి మహిళా రెఫరీ అయింది. అదే 2023లో పెద్దవాళ్ల స్థానిక ఆటలు నడిపే రెఫరీల ఛాతీకి కెమెరాలు కట్టి పరీక్షించడం మొదలుపెట్టారు. గోల్ అవునా కాదా చూడటానికి కాదు. రెఫరీ మీదకి ఎవరొస్తారో చూడటానికి.

ఆ కెమెరా నాకు లేదు. నాకప్పుడు పదహారేళ్లు. రెఫరీ కోర్సు చేసి ఆదివారం పొద్దున్నే పదేళ్ల పిల్లల మ్యాచ్‌లు నడిపేదాన్ని. నవంబర్, మంచు, బురద. నాన్న కారులో కూర్చుని ఫ్లాస్క్‌లో టీ తాగుతూ పాటలు వినేవాడు. ఆ రోజు ఆట ఇంకో మూడు నిమిషాలుంది. బంతి ఒక పిల్లాడి చేతికి తగిలింది. ఊదాను. పెనాల్టీ. ఆ పిల్లాడి తండ్రి గీత దాటి లోపలికొచ్చేశాడు. నీ దేశానికి పోయి క్రికెట్ ఆడుకో అన్నాడు, ఇంకా చాలా అన్నాడు. ఆట అయ్యాక కార్ల దాకా నా వెనకే వచ్చాడు. నాన్న దిగాడు. అరుస్తాడనుకున్నాను. ఫ్లాస్క్ మూత చేతిలోనే ఉంది. తన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు: మా అమ్మాయి ఈల ఊదింది సార్, అయిపోయింది. అంతే. ఆ మనిషి ఇంకాసేపు తిట్టి వెళ్లిపోయాడు.

ఆ నెల తర్వాత నేను మళ్లీ వెళ్లలేదు. ఈల సొరుగులో ఉండిపోయింది. దాని లోపల గింజ అడ్డంగా ఇరుక్కుంది, ఊదితే గాలి వస్తుంది గానీ మోత రాదు.

ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ బంతి చేతికి తగల్లేదు. భుజానికి తగిలింది. ఊదిన మరుక్షణమే నాకు తెలిసింది. రీప్లే లేదు, గది లేదు, నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆ తండ్రి మాట్లాడిన తీరు నీచమే, కానీ బంతి విషయంలో అతనే సరి. ఈ వ్యాసం రాస్తూ మొన్న ఆదివారం నాన్నకి చెప్పాను. ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. కాసేపు ఏమీ అనలేదు.

"ఇంతకీ ఆ పెనాల్టీ గోలయిందా?" అన్నాడు.

"లేదు నాన్నా. పిల్లాడు బయటికి తన్నాడు."

"మరి అతనికేం పోయిందే, మన కారు దాకా వచ్చాడు?"